తంతి మీద బతికినవారు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమావేశంలో కరువు భత్యం గురించి, వైద్య బిల్లుల గురించి, పెన్షన్ సవరణ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. ఈసారి భోజనాల తరవాత ఒక అరగంట వేరే విషయానికి కేటాయిద్దామని కార్యదర్శి గారు అనుకున్నారట. "మీకు ఫిడేలు వచ్చు గదా, దాని గురించి చెప్పండి. కానీ మరీ శాస్త్రంలోకి దిగకండి, భోజనం చేసిన వాళ్ళు నిద్రపోతారు" అని నాకు ముందే షరతు పెట్టారు. ఆ షరతుకు లోబడే మాట్లాడతాను.

మనవాళ్ళలో చాలామంది తంతి శాఖలో పనిచేసిన వాళ్ళం. "తంతి" అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి మనకు అన్నం పెట్టిన టెలిగ్రాం. 2013 జులైతో దాని కథ ముగిసింది. రెండోది వీణకూ ఫిడేలుకూ బిగించే తీగ. నేను విజయనగరంలో పుట్టి, చిన్నతనంలో తొమ్మిదేళ్ళు ఫిడేలు నేర్చుకుని, తరవాత టెలిగ్రాఫిస్టుగా ఉద్యోగంలో చేరిన వాణ్ణి. రెండు తంతుల మీదా నా చెయ్యి పడింది. రెండింటికీ కావలసిన అసలు పనిముట్టు చెయ్యి కాదని, చెవి అని నాకు అనుభవం మీద తెలిసింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ చెవి గురించే.

ఫిడేలు మన ఇంటికి వచ్చిన కథ

ఫిడేలు మనది కాదు. ఇటలీ దేశంలో పదహారో శతాబ్దంలో ఇప్పటి రూపం తీసుకుంది. అక్కడ క్రెమోనా అనే ఊళ్ళో ఆంటోనియో స్ట్రాడివారి (1644-1737) చేసిన ఫిడేళ్ళు ఇప్పటికీ కోట్ల రూపాయలు పలుకుతాయి. మన దేశానికి అది యూరోపియన్లతో వచ్చింది. మద్రాసులో దొరల బ్యాండు మేళాల్లో మోగేది.

దాన్ని మన సంగీతానికి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసింది బాలుస్వామి దీక్షితుల వారిని. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు. 1786లో పుట్టారు. మద్రాసు దగ్గర మణలిలో ఉండగా, అక్కడి ముదలియార్ల ఆదరణలో ఒక యూరోపియన్ దగ్గర ఈ వాద్యం నేర్చుకున్నారు. తరవాత ఎట్టయాపురం ఆస్థానంలో ఉన్నారు. ఆయన మనుమడే, దత్తపుత్రుడే, సుబ్బరామ దీక్షితులు. ఆ సుబ్బరామ దీక్షితులు రాసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తమిళ దేశంలోని ఎట్టయాపురంలో అచ్చయింది. అచ్చయింది తెలుగులో. మన భాషకు అప్పట్లో సంగీతంలో ఉన్న స్థానం అది.

అదే కాలంలో తంజావూరు సోదరులు నలుగురిలో ఒకరైన వడివేలు కూడా ఫిడేలులో ప్రవీణులు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించారు.

ఇంత త్వరగా పరాయి వాద్యం మన కచేరీలో ఎలా కుదురుకుంది అంటే, రెండు కారణాలు చెబుతాను. దీనికి మెట్లు లేవు. వీణకు, సితారుకు మెట్లుంటాయి, హార్మోనియానికి బిళ్ళలుంటాయి. ఫిడేలు మీద స్వరానికీ స్వరానికీ మధ్య దారంతా తెరిచే ఉంటుంది. మన రాగాలకు ప్రాణమైన గమకం ఆ దారిలోనే నడుస్తుంది. రెండో కారణం, మీటితే మోగి ఆరిపోయే నాదం కాదు దీనిది. కమాను లాగినంతసేపూ గొంతులా నిలుస్తుంది. అందుకని గాయకుడి పక్కన కూర్చోవడానికి దీన్ని మించిన తోడు దొరకలేదు.

మనవాళ్ళు పట్టుకునే తీరు కూడా మార్చేశారు. పాశ్చాత్యులు నిలబడి, గడ్డం కింద బిగించి వాయిస్తారు. మనం బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఒక కొసను ఎడమ రొమ్ముకు ఆనించి, రెండో కొసను కుడి పాదం మీద నిలుపుతాం. దాంతో వాద్యాన్ని మోసే బాధ్యత ఎడమచేతికి తప్పింది. అది తీగ మీద కిందికీ పైకీ హాయిగా జారగలుగుతుంది. శ్రుతి చేసే పద్ధతి కూడా మనదే. వాళ్ళు నాలుగు తీగలకూ నాలుగు వేరు వేరు స్వరాలు పెడతారు. మనం స-ప, స-ప అని రెండు స్థాయిల్లో షడ్జ పంచమాలు పెట్టుకుంటాం. పెట్టె వాళ్ళది, కూర్పు మనది.

ఫిడేలు నాయుడు గారు

తెలుగువాళ్ళ మధ్య ఫిడేలు మాట వస్తే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు రాక తప్పదు. జనం "ఫిడేలు నాయుడు గారు" అనే పిలిచేవారు. 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రిగారు సైన్యంలో పనిచేసి, తరవాత విశాఖపట్నంలో స్థిరపడ్డారు. పిల్లవాడికి చూపు చాలా మందం. బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు చేతికిచ్చి తానే నేర్పారు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. రాజావారి కొలువులో ఉన్న ఒక ఉద్యోగి కొడుకు అంధుడనీ, ఆ పిల్లవాడి సంగీత విద్య కోసమే కళాశాల ఆలోచన పుట్టిందనీ మా ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్ళారట. ఆయన వాద్యం విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 26. 1936లో నారాయణదాసు గారి తరవాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు, పి. సుశీల గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు ఆ కళాశాలలో చదువుకున్నవారే. నేదునూరి వారు అక్కడ గాత్రంతో పాటు ఫిడేలు కూడా నేర్చుకున్నారు.

నాయుడు గారి గొప్పతనమంతా కమానులో ఉంది. పాశ్చాత్య విద్వాంసుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, దానిలోని నిండుతనాన్ని మన రాగానికి వాడుకున్నారు. ఆ నాదంలో గీర ఉండదు. పొడుగాటి లాగుడు మీద రాగం తేలివస్తుంది. పక్కవాద్యంగానే ఉన్న ఫిడేలును వేదిక మధ్యకు తెచ్చి, ఒంటరిగా కచేరీ నిలపగలదని చూపించినవారిలో ఆయన ముందున్నారు. 1938లో వేలూరులో అలా సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ 'సంగీత కళానిధి' బిరుదునిచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1952లో భారతదేశానికి వచ్చిన ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహూదీ మెనూహిన్, మద్రాసులో జస్టిస్ రాజమన్నారు గారింట ఈయన వాద్యం విని ముగ్ధుడయ్యాడు. నాయుడు గారు 1964లో కాలం చేశారు. శతజయంతి సంవత్సరం 1993లో మన తపాలా శాఖ వారి పేర స్టాంపు వేసింది. ఆ స్టాంపులు అమ్మిన చేతులు ఈ హాల్లో కొన్ని ఉండే ఉంటాయి.

ఆయనకు సమకాలికులు ఇద్దరు. కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళె గారు, మైసూరు చౌడయ్య గారు. మైకులు లేని రోజుల్లో పెద్ద సభల్లో చివరి వరసకు వినబడాలని చౌడయ్య గారు ఏడు తీగల ఫిడేలు తయారు చేసుకున్నారు. బెంగుళూరులో ఆయన పేర కట్టిన హాలు ఫిడేలు ఆకారంలోనే ఉంటుంది. పిల్లల దగ్గరికి బెంగుళూరు వెళ్ళే మిత్రులు ఒకసారి చూసి రండి.

తరవాతి తరంలో లాల్గుడి జయరామన్, టి.ఎన్. కృష్ణన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ గార్లు. మన విజయనగరం నుంచే వెళ్ళిన అవసరాల కన్యాకుమారి గారు ఎం.ఎల్. వసంతకుమారి గారి కచేరీల్లో ఏళ్ళ తరబడి పక్కన వాయించారు. 2016లో సంగీత కళానిధి అందుకున్నారు. ఫిడేలు వాయించే స్త్రీకి ఆ బిరుదు రావడం అదే మొదలు. చిన్నప్పుడే చూపు పోయిన ఎం. చంద్రశేఖరన్ గారికి ఆ బిరుదు 2005లో వచ్చింది. ఆయనకు తొలి గురువు తల్లే. నాయుడు గారికి మందచూపు, చంద్రశేఖరన్ గారికి చూపు లేదు. ఈ విద్యకు కన్ను లేకపోయినా జరుగుతుంది, చెవి లేకపోతే జరగదు.

పెట్టెలో ఏముంది

ఫిడేలు చూడడానికి చిన్నది. పొట్ట భాగం పొడవు 14 అంగుళాలు. బరువు అర కిలో లోపే. పైపలక స్ప్రూస్ అనే మెత్తని కర్ర. వెనకపలక, పక్కలు, మెడ మేపుల్ అనే గట్టి కర్ర. వేళ్ళు నడిచే పలక నల్లటి ఎబొనీ కర్ర. పైపలక కింద లోపల ఒక చిన్న కర్రముక్క నిలబెట్టి ఉంటుంది. జిగురు కూడా వేయరు. తీగల ఒత్తిడికే నిలబడుతుంది. దాన్ని సౌండ్ పోస్టు అంటారు. పైపలక కదలికను వెనకపలకకు అందించేది అదే. ఇటలీవాళ్ళు దానికి 'ప్రాణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది కాస్త జరిగితే చాలు, మంచి ఫిడేలు కూడా జలుబు చేసిన గొంతులా పలుకుతుంది.

కమాను 29 అంగుళాల పైచిలుకు. బరువు 60 గ్రాముల చుట్టూ. దానికి గుర్రపు తోక వెంట్రుకలు సుమారు 150 నుంచి 200 దాకా కడతారు. వెంట్రుక నున్నగా ఉంటే తీగ మీద జారిపోతుంది, శబ్దం రాదు. అందుకని రోజిన్ రుద్దుతారు. అది చెట్టుబంకను కాచి చేసిన గడ్డ. మేలురకం కమానులకు వాడే పెర్నంబుకో కర్ర బ్రెజిల్ అడవుల్లోది. ఆ చెట్లు తరిగిపోవడంతో 2007 నుంచి దాని వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి.

ఇళ్ళలో ఫిడేలు ఉన్నవారికి నాలుగు ముక్కలు. వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయాలి. తీగల కింద రాలిన రోజిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎండపొడ, వంటింటి సెగ తగలనివ్వకూడదు. తీగలు నాలుగూ ఒక్కసారే విప్పేయకూడదు. ఒత్తిడి పోయి లోపలి సౌండ్ పోస్టు పడిపోతుంది. మార్చవలసి వస్తే ఒకటొకటిగా మార్చాలి.

సాధన

మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్ళకు పరీక్ష. మా నాన్నగారు నా సాధన వేళకు సరిగ్గా చెప్పులేసుకుని బజారుకు బయలుదేరేవారు.

వరస అందరికీ తెలిసినదే. సరళి, జంట, దాటు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆ తరవాత కీర్తనలు. కష్టం ఎక్కడుందో చెబుతాను. ఫిడేలు తీగలో మోగే భాగం సుమారు 13 అంగుళాలు. కింది షడ్జం నుంచి శుద్ధ రిషభానికి వేలు జరగవలసిన దూరం సుమారు రెండు సెంటీమీటర్లు. అదే తీగ మీద పై స్థాయికి వెళితే ఆ దూరం సగానికి సగం, అంటే వేలి వెడల్పు కంటే తక్కువ. అక్కడ మెట్టు లేదు, గీత లేదు, గుర్తు లేదు. వేలు వెంట్రుకవాసి తప్పితే అపస్వరం. ఆ చోటు వేలికి ముందుగా తెలియదు. చెవి చెప్పాలి, వేలు సర్దుకోవాలి. ఈ సర్దుబాటు ఎవరికీ కనిపించనంత వేగంగా జరిగే రోజు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది.

మా గురువుగారు తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, గంటసేపు ఒక్క షడ్జమే లాగించేవారు. కమాను ఒక కొస నుంచి రెండో కొసకు, మధ్యలో నాదం సన్నబడకుండా, వణకకుండా. నాకు విసుగొచ్చి, "కీర్తన ఎప్పుడు చెబుతారు మాస్టారూ?" అని అడిగితే, "ముందు సా చెయ్యిరా, అది కుదిరితే మిగతావి దాని వెనకాలే వస్తాయి" అనేవారు. కీర్తనను ఫిడేలు మీద చెప్పే ముందు నోటితో పాడించేవారు. సాహిత్యం తెలియకుండా వాయిస్తే మాట ఎక్కడ విరగాలో కమానుకు తెలియదు. "రామ" అనే మాటను ఒకే లాగుడులో పలికించాలి. మధ్యలో కమాను తిరిగితే మాట రెండు ముక్కలవుతుంది. మన కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగు కాబట్టి, తెలుగు రాని విద్వాంసులు కూడా ఆ విరుపుల కోసమే అర్థం కనుక్కుని మరీ నేర్చుకుంటారు.

పక్కవాద్యం

ఇక నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయానికి వస్తాను.

మన కచేరీలో గాయకుడికీ ఫిడేలు విద్వాంసుడికీ ముందుగా రిహార్సలు ఉండదు. చాలాసార్లు ఇద్దరూ వేదిక మీదే కలుస్తారు. గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో, ఏ కీర్తన పాడతాడో, పల్లవి ఏ తాళంలో పెడతాడో పక్కాయనకు తెలియదు. రాగం మొదలుపెట్టిన రెండు మూడు పలుకుల్లో పోల్చుకోవాలి. గాయకుడు పాడుతూ ఉంటే నీడలా వెనకాలే రావాలి. ఆయన ఆపిన చోట, అదే రాగాన్ని తనదిగా మూడు నాలుగు నిమిషాల్లో చెప్పాలి. ఎక్కువ చెబితే మితిమీరాడంటారు, తక్కువ చెబితే సరుకు లేదంటారు. స్వరకల్పనలో ఆయన వేసిన లెక్కను విని, అప్పటికప్పుడు తిప్పి ఇవ్వాలి.

మోర్సు మీద పనిచేసిన మిత్రులకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పగలను. తంతి అందుకునేటప్పుడు మనం అక్షరం విన్న వెంటనే ఆ అక్షరం రాసేవాళ్ళమా? కొత్తవాడు అలా రాస్తాడు, అందుకే తడబడతాడు. చెయ్యి తిరిగినవాడి కలం చెవికి రెండు మూడు మాటలు వెనక ఉంటుంది. చెవి ముందున్న మాట వింటూంటే, చెయ్యి వెనకటి మాట రాస్తుంటుంది. మధ్యలో బుర్ర రెండింటినీ పట్టుకుని ఉంటుంది. పక్కవాద్యం అచ్చంగా అదే పని. తేడా ఏమిటంటే, మనకు అనుమానమొస్తే తీగ మీద ఆపి మళ్ళీ అడిగేవాళ్ళం. అక్కడ వెయ్యిమంది ఎదుట ఆపి అడగడానికి వీల్లేదు.

మొదటి తారీఖు లేని బతుకు

మా గురువుగారి పేరు చెప్పను. ఎక్కడా అచ్చులో పెద్దగా వచ్చిన పేరు కాదు. పక్కవాద్యం వాయిస్తూ, పిల్లలకు చెబుతూ బతికినవారు. ఆకాశవాణిలో నిలయ విద్వాంసులుగానో, సంగీత కళాశాలలో అధ్యాపకులుగానో చేరిన కొద్దిమందికి నెల జీతం ఉండేది. మిగతావారికి సీజనే జీతం. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా, త్యాగరాజ ఆరాధనలు, పెళ్ళిళ్ళు. ఆషాఢం వచ్చిందంటే ఇల్లు గడవడం కష్టం.

నేను ఒక టౌనులో కౌంటరు మీద ఉండగా ఒకరోజు ఆయన వచ్చారు. పక్క జిల్లాలో ఒక సభవారు, వాయించవలసిన ఆయనకు జ్వరం వచ్చిందని, మర్నాటి కచేరీకి రమ్మని తంతి ఇచ్చారు. దానికి జవాబు పంపాలి. "ఒక్క మాటలో అయిపోతుందిరా?" అన్నారు. "స్టార్టింగ్" అని ఫారం మీద రాశాను. "మాస్టారూ, కనీసపు చార్జీలో ఇంకా మాటలు మిగిలాయి. పారితోషికం ఎంతో అడుగుదామా?" అన్నాను.

"ఆ మాట తీగ మీద వెళ్ళకూడదు" అన్నారు.

"పోనీ, పాడేది ఎవరో?"

"ఎవరైతేనేం. మగవాళ్ళయితే ఒకటిన్నర శ్రుతి, ఆడవాళ్ళయితే అయిదున్నర. రెండు రకాల తీగలూ సంచీలో వేసుకున్నాను" అని నవ్వి, ప్యాసింజరు బండికి వెళ్ళిపోయారు.

తరవాత తెలిసింది, ఆ కచేరీ చాలా బాగా జరిగింది. రైలు ఖర్చులూ, శాలువా, కొబ్బరికాయా ఇచ్చారు. మిగిలింది తరవాత పంపుతామన్నారు. పంపలేదు. ఆయన ఈ మాట ఎవరి మీదా నేరంగా చెప్పలేదు. నేను అడిగితే చెప్పారు, అంతే. కచేరీ కరపత్రం నాకు చూపించారు. గాయకుడి పేరు బొటనవేలంత అక్షరాల్లో ఉంది. కింద "పక్కవాద్య సహకారంతో" అని ఉంది. పేరు లేదు.

డెబ్బై దాటాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మీ నా చేతులు వణికితే సంతకం వంకర పోతుంది, బ్యాంకువాళ్ళు ఇంకోసారి పెట్టమంటారు, అంతకంటే నష్టం లేదు. కమాను పట్టిన చెయ్యి వణికితే ఆ నెల నుంచే రాబడి లేదు. శిష్యులం తలా కొంత పంపుకునేవాళ్ళం. పంపిన ప్రతిసారీ ఆయన ఒక కార్డు రాసేవారు. అందులో డబ్బు అందిందన్న మాట ఉండేది కాదు, "ఫలానా వర్ణం రెండో కాలం సాధన చేస్తున్నావా?" అని ఉండేది. ఆయనకు అది బాకీ తీర్చే పద్ధతి.

నేను జీవిత ధ్రువపత్రం ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి నవంబరులోనూ ఆయన గుర్తుకొస్తారు. ముప్ఫై ఏళ్ళ పైన తంతి అందుకున్న చెవికి ప్రభుత్వం నెల నెలా పెన్షన్ ఇస్తోంది. యాభై ఏళ్ళు రాగం అందుకున్న చెవికి ఏమీ రాలేదు. వృద్ధ కళాకారులకు ప్రభుత్వ సహాయ పథకాలు లేకపోలేదు. కాని దరఖాస్తు నింపాలి, ధ్రువపత్రాలు జతచేయాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ విద్య వారికి రాదు. మనకు వచ్చు. జీవితమంతా చేసింది అదే గదా.

నాలుగు మనవులు

చివరగా సంఘం ముందు నాలుగు మనవులు పెడుతున్నాను.

మొదటిది. మన ఇళ్ళల్లో అటకల మీద ఫిడేళ్ళున్నాయి. పిల్లలకు కొన్నాం, వాళ్ళు ఇంజనీరింగులో చేరారు, అమెరికా వెళ్ళారు. ఫిడేలు పెట్టెలోనే ఉండిపోయింది. మూసి ఉంచిన వాద్యానికి జిగురు ఊడుతుంది, పురుగు పడుతుంది. దించి చూడండి. బాగు చేయించి, నేర్చుకునే పిల్లకో పిల్లవాడికో ఇవ్వండి. ఎవరికివ్వాలో తెలియకపోతే నాకు చెప్పండి. మా ఇంట్లో సాయంత్రం వచ్చే పిల్లలు నలుగురున్నారు. ఇద్దరికి సొంత వాద్యం లేదు.

రెండోది. మన వార్షికోత్సవంలో పాట కచేరీ పెట్టినప్పుడు ఆహ్వాన పత్రిక మీద ఫిడేలు, మృదంగం వాయించేవారి పేర్లు పూర్తిగా వేయిద్దాం. వారికివ్వవలసింది ముందే మాట్లాడుకుని, వేదిక దిగేలోగా కవరు చేతిలో పెడదాం. ఎంతిచ్చామన్నది తరవాత, అడిగించుకోకుండా ఇవ్వడం ముఖ్యం.

మూడోది. మీ ఊళ్ళో వయసు మళ్ళిన వాద్య కళాకారులు ఎవరైనా ఉంటే వెళ్ళి పలకరించండి. సహాయ పథకం దరఖాస్తు మీరు నింపి పెట్టండి. మన సంఘంలో ఫారాలు నింపడంలో ఆరితేరినవారు కనీసం వందమంది ఉన్నారు.

నాలుగోది మన చెవుల గురించి. వయసు మీద పడితే ముందుగా పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలు వినే శక్తి. అందుకే చాలామందికి ఫిడేలు పలచగా వినిపిస్తుంది. "ఈమధ్య ఫిడేలు బాగా వాయించడం లేదండీ" అని నాతో అన్న పెద్దలున్నారు. వాయించేవారిలో లోపం లేదు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి కచేరీలో అది గీరగా వినిపించవచ్చు. ఆ యంత్రాలను మనిషి మాట కోసం సర్దుతారు. చాలా యంత్రాల్లో సంగీతం కోసం వేరే అమరిక కూడా ఉంటుంది. పరీక్ష చేసేవారిని అడిగి పెట్టించుకోండి. వినే చెవి ఒకటి తగ్గితే వాయించే చేతికి ఒక జీతం తగ్గినట్టే.

ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు, గాయకుడు రాగం ఆపి పక్కకు చూసి తల ఊపుతాడు, గమనించండి. మంచినీళ్ళ సీసా తీయడానికో, గడియారం చూసుకోవడానికో అందరికీ ఆ సమయమే దొరుకుతుంది. ఆ మూడు నిమిషాలూ కదలకుండా వినండి. ఆ మూడు నిమిషాల కోసం పక్కాయన ముప్ఫై ఏళ్ళు సాధన చేశారు.

కార్యదర్శి గారి షరతు నిలబెట్టుకున్నాననే అనుకుంటున్నాను. వెనక వరసలో ఒకరిద్దరు తప్ప ఎవరూ నిద్రపోలేదు.